మాంసాహార, శాకాహార ధర్మ విచారం: అద్దంకి సీమ

ఆహారం కోసం ప్రాణం తీయవచ్చునా, తీస్తే ఆ హింసలో కోసినవారికి, అమ్మినవారికి, వండినవారికి, తిన్నవారికి ఎంతెంత పాలు ఉంటుంది అన్న ప్రశ్నల మీద సాగే ఆలోచనే మాంసాహార, శాకాహార ధర్మ విచారం. తెలుగులో ఈ విచారానికి సంబంధించిన ముఖ్య రచనల్లో ఒకటి అద్దంకితో ముడిపడి ఉంది. 14వ శతాబ్దిలో ఇక్కడి నుంచి పాలించిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి ఎఱ్ఱన, మాంసం అమ్ముకుని బతికే మనిషి ఒక తపస్వికి ధర్మం బోధించిన కథను తెలుగు చేశాడు.

అద్దంకి గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న పట్టణం. చుట్టూ మిరప, పత్తి, పొగాకు, శనగ, మొక్కజొన్న పండే నేలలు. 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చాలాకాలం ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. గుంటూరు, ప్రకాశం మెట్ట ప్రాంతపు తిండి, సేద్యం, పశుపోషణ, కొలుపుల నేపథ్యంలో ఈ విచారం ఎలా సాగిందో ఈ వ్యాసం చెబుతుంది.

నిర్వచనం, పదజాలం

శాకం అంటే కూర, ఆకుకూర. హోటల్ బోర్డుల మీద తరచు కనిపించే ‘శాఖాహారం’ సరైన రూపం కాదు. శాఖ అంటే కొమ్మ. ఈ ప్రాంతపు వాడుకలో మాంసం, చేప, గుడ్డు మూడింటికీ కలిపి ‘నీసు’ అంటారు. మేక, పొట్టేలు మాంసం ‘వేట మాంసం’. గొడ్డు మాంసం ‘పెద్దకూర’. నాలుగిళ్ళ వాళ్ళు కలిసి ఒక పొట్టేలును కొని, కోయించి, సమానంగా ‘పోగులు’ వేసుకోవటం పల్లెల్లో పాత పద్ధతి.

ఏది శాకాహారం అన్న గీత అన్ని చోట్లా ఒకటి కాదు. ఇక్కడ పాలు, పెరుగు, నెయ్యి గీతకు ఇవతల, గుడ్డు అవతల. భారత ఆహార భద్రతా నిబంధనలూ ఇదే పాటిస్తాయి: గుడ్డు కలిసిన పదార్థానికి మాంసాహారపు గుర్తు వేయాలి, పాలు కలిసినదానికి అక్కరలేదు. పాశ్చాత్య దేశాల్లో గుడ్డు తినేవారినీ శాకాహారుల్లో లెక్కిస్తారు. పాలు, తేనె కూడా విడిచినవారు వీగన్లు. 1944లో ఇంగ్లండులో వీగన్ సొసైటీ ఏర్పడింది. నిష్ఠగల జైనులు దుంపలు కూడా తినరు, నేలలోంచి పెరికితే మొక్కతో పాటు సూక్ష్మజీవులూ చస్తాయని.

తెలుగులో ‘కసాయివాడు’, ‘కటికవాడు’ అన్నవి వృత్తి పేర్లు. దయలేనివాణ్ణి తిట్టటానికీ ఇవే మాటలు. మాంసం తినేవాణ్ణి ఆ పేరున తిట్టే మాట మాత్రం లేదు. హింస భారాన్ని తినేవారి మీద కాక కోసేవారి మీద మోపే ఈ అలవాటును గుర్తు పెట్టుకుంటే, తర్వాత వచ్చే ఎఱ్ఱన కథ బరువు తెలుస్తుంది.

ప్రాచీన చరిత్ర

తెలుగు నేల మీద ఈ విషయంపై దొరికే అతి పాత లిఖిత సాక్ష్యాల్లో ఒకటి కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి దగ్గర ఉంది. క్రీ.పూ. 3వ శతాబ్దిలో అశోకుడు చెక్కించిన శిలాశాసనాలు అక్కడి బండల మీద ఉన్నాయి. వాటిలో మొదటిది జంతుబలిని నిషేధిస్తుంది. అంతకు ముందు రాజుగారి వంటశాలలో రోజూ లక్షలాది జీవాలను చంపేవారని, ఇప్పుడది రెండు నెమళ్ళకు, ఒక లేడికి తగ్గిందని, ముందు ముందు అవీ ఉండవని చెబుతుంది. ఒక పాలకుడు తన వంటింటి లెక్కను బండ మీద రాయించి జనానికి చూపటం అరుదైన సంగతి.

అమరావతి, భట్టిప్రోలు, నాగార్జునకొండలతో పాటు ప్రకాశం జిల్లా చందవరంలోనూ బౌద్ధం వర్ధిల్లింది. వినయ నియమాల ప్రకారం భిక్షువు తనకోసమే చంపినట్టు చూసినా, విన్నా, అనుమానం కలిగినా ఆ మాంసం తీసుకోకూడదు. ఆ మూడూ లేనప్పుడు భిక్షలో పడినది తినవచ్చు. తర్వాతి మహాయాన గ్రంథాలు కొన్ని మాంసాన్ని పూర్తిగా నిషేధించాయి. జైనం ఏ వెసులుబాటూ ఇవ్వలేదు.

వైదిక సంప్రదాయంలో ఏకవాక్యత లేదు. యజ్ఞాల్లో పశువును బలి ఇచ్చేవారు. ఆంధ్ర బ్రాహ్మణుల్లో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబుడి ధర్మసూత్రం ఏ జంతువులను తినవచ్చో, ఏవి తినరాదో పట్టిక ఇస్తుంది. మనుస్మృతి ఐదో అధ్యాయంలో అనుమతి, నిషేధం రెండూ పక్కపక్కనే ఉన్నాయి: తినటంలో దోషం లేదంటూనే మానటం గొప్ప ఫలమిస్తుందంటుంది. భారతంలో అనుశాసనిక పర్వాన భీష్ముడు మాంసం విడిచిపెట్టటాన్ని ఎంతో పొగుడుతాడు.

శైవంలో మరో చిక్కు కనిపిస్తుంది. బోయ తిన్నడు తాను రుచి చూసిన మాంసాన్ని శ్రీకాళహస్తి శివుడికి నైవేద్యం పెడితే స్వామి ఇష్టంగా స్వీకరించాడని కన్నప్ప కథ. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలోనూ, ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలోనూ దీన్ని కీర్తించారు. ఆ కన్నప్పను కొలిచే వీరశైవులు మాత్రం మాంసం ముట్టరు. వేమన పేర ప్రచారంలో ఉన్న పద్యాల్లో జీవహింసను నిరసించేవి ఉన్నాయి.

ధర్మవ్యాధోపాఖ్యానం

ఆంధ్ర మహాభారతంలో నన్నయ అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం మధ్యలో ఆగిపోగా, మిగిలిన భాగాన్ని ఎఱ్ఱన పూరించాడు. ధర్మవ్యాధుడి కథ ఆ పూరించిన భాగంలో ఉంది.

కౌశికుడనే బ్రాహ్మణ తపస్వి చెట్టు కింద కూర్చుని ఉండగా పైన కొంగ రెట్ట వేసింది. అతను కోపంగా చూడగానే అది చచ్చి పడింది. తర్వాత భిక్షకు వెళ్ళిన ఇంట్లో ఇల్లాలు భర్త సేవలో ఉండి ఆలస్యం చేసింది. కౌశికుడు మండిపడితే, నేను కొంగను కానని ఆమె నిదానంగా చెప్పి, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలో ఉన్న వ్యాధుడి దగ్గరికి వెళ్ళమంది. వెతుక్కుంటూ వెళ్ళిన తపస్వికి ఆ గురువు మాంసం కొట్టులో బేరం చేస్తూ కనిపించాడు.

కథ కట్టులోనే వాదం ఉంది. ఈ కథలో ప్రాణం తీసినవాడు మాంసం ముట్టని తపస్వి. మాంసం అమ్మేవాడు చంపలేదు: ఇతరులు చంపి తెచ్చినది అమ్ముతానని, తాను తిననని అతనే చెబుతాడు. ఇది తాతముత్తాతల నుంచి వచ్చిన వృత్తి, మోసం లేకుండా చేస్తున్నాను, ముసలి తల్లిదండ్రులను సేవిస్తున్నాను అంటాడు. తర్వాత అతను చూపే కారణాలు కర్మసిద్ధాంతంతో మొదలై నేరుగా పొలంలోకి దిగుతాయి. సేద్యం మంచిదంటారు, కాని నాగలి కింద నేలలోని ఎన్ని జీవులు చస్తాయి? వడ్లు మొదలైన గింజలకూ ప్రాణం ఉంది. చేపను చేప మింగుతుంది. నడిచే మనిషి కాలి కింద ఎన్నో నలుగుతాయి. అహింసా వ్రతం పట్టిన యతులూ హింస చేయకుండా బతకలేరు. ప్రయత్నం వల్ల అది తగ్గుతుంది, అంతే.

ఈ వాదన మాంసాహారాన్ని సమర్థిస్తోందని కొందరు చదువుతారు. అది సగమే. వ్యాధుడు తన వృత్తి ఘోరమైనదని ఒప్పుకుంటాడు. అహింస పరమ ధర్మమనీ చెబుతాడు. తాను శుద్ధుడినన్న అహంకారంతో ఇతరుల వృత్తిని చూసి అసహ్యపడే హక్కును మాత్రం తిరస్కరిస్తాడు. వృత్తి కులానికి కట్టుబడి ఉండాలన్న కథలోని భావాన్ని నేటి పాఠకుడు అంగీకరించనక్కరలేదు. హింసను పూర్తిగా తప్పించుకున్నవాడు లేడు, తగ్గించుకునే పూచీ అందరిదీ అన్న మాట మాత్రం ఈనాటి చర్చలోనూ నిలుస్తుంది.

అలవాట్లు: కులం, మతం, వారం

2014 నాటి నమూనా నమోదు వ్యవస్థ సర్వే ప్రకారం 15 ఏళ్ళు నిండినవారిలో ఆంధ్రప్రదేశ్‌లో 98 శాతానికి పైగా, తెలంగాణలో అంతకన్నా కొంచెం ఎక్కువగా మాంసాహారులు. దేశం మొత్తం మీద ఇది 71 శాతం దాకా ఉంది. భారతదేశం శాకాహార దేశమన్న నానుడి తెలుగు నేలకు ఏమాత్రం సరిపోదు.

ఇక్కడ నీసు ముట్టని కుటుంబాలు ప్రధానంగా బ్రాహ్మణ, ఆర్యవైశ్య, జంగమ వర్గాలవి. వారి ఆచారంలో అహింసతో పాటు మడి, శుద్ధి భావన కలిసి ఉంటుంది. ఆ శుద్ధి భావనే ఇతరులను దూరం పెట్టటానికి సాధనమైందన్నది దళిత, బహుజన ఆలోచనాపరుల విమర్శ. చాలా ఊళ్ళలో ఇల్లు అద్దెకు ఇచ్చేముందు ‘నీసు తింటారా’ అని అడగటం కులం అడగటానికి మరో దారి.

మాంసాహారుల ఇళ్ళలోనూ విరామాలు ఉన్నాయి. కొందరికి శనివారం, కొందరికి సోమవారం, కార్తీకమాసం, అయ్యప్ప దీక్షలో 41 రోజులు. కనుమ నాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి పూజిస్తారు. ఆ రోజే మినప గారెలు, కోడికూర వండుకుంటారు. పనిచేసే జీవం వేరు, తినే జీవం వేరన్న విభజన ఇంత స్పష్టంగా కనిపించే రోజు మరొకటి లేదు.

ముస్లింలు హలాల్ పద్ధతిలో దేవుడి పేరు చెప్పి కోసిన మాంసమే తింటారు. బక్రీద్ ఖుర్బానీలో ఒక భాగం పేదలకు పోతుంది. క్రైస్తవంలో నిషేధం లేదు, అయితే శ్రమదినాల్లో కొన్ని కుటుంబాలు మాంసం మానతాయి.

కొలుపులు, బలి

అంకమ్మ, పోలేరమ్మ వంటి గ్రామదేవతల కొలుపుల్లో పొట్టేలును, మేకపోతును, కోడిని బలి ఇవ్వటం ఆచారం. పూర్వం దున్నపోతును కూడా ఇచ్చేవారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఎల్మోర్ 1915లో అచ్చయిన తన గ్రంథంలో తెలుగు పల్లెల కొలుపులను వివరంగా నమోదు చేశాడు. అద్దంకి పక్కనే ఉన్న శింగరకొండ ప్రసన్నాంజనేయస్వామి ఆలయం వంటి చోట్ల మాంస నైవేద్యం లేదు.

ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్న 1950లోనే గుడి ఆవరణల్లో, బహిరంగ మతోత్సవాల్లో జంతువులను, పక్షులను బలి ఇవ్వటాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. అది ఆంధ్రప్రదేశ్‌కు సంక్రమించింది. గుమ్మడికాయ కొట్టటం బలికి బదులుగా కొన్నిచోట్ల నిలిచింది. చాలాచోట్ల కోత గుడి ముందు నుంచి పెరట్లోకి మారింది. బలిని సమర్థించేవారి వాదన ఒకటి గమనించదగ్గది: అమ్మవారి ఎదుట అందరూ చూస్తుండగా ఏడాదికోసారి జరిగే కోత, కంటికి కనపడని చోట రోజూ జరిగే కోత కన్నా నిజాయితీ గలదని వారంటారు. వ్యతిరేకించేవారు, మూగజీవిని మొక్కుకు బలిపెట్టటం ఆకలి తీర్చటం కూడా కాదంటారు.

చచ్చిన గొడ్డు: వెల్లంపల్లి, 1878

ఊళ్ళో చచ్చిన పశువును లాగి తీసుకుపోవటం మాదిగల మీద మోపిన పని. తోలుతో చెప్పులు, బావి నీళ్ళు తోడే మోట బొక్కెనలు చేసి ఇచ్చేవారు. మాంసం వారికి తిండి అయ్యేది. ఆ బొక్కెనల నీళ్ళతో పండిన తిండిని నీసు ముట్టని ఇళ్ళలోనూ తిన్నారు. తోలుకు లేని అంటు దాన్ని ఒలిచినవారికి అంటింది.

1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, క్రైస్తవంలో చేరేవారికి మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పనిచేయకూడదు, విగ్రహాలను కొలవకూడదు, చచ్చిన గొడ్డును తినకూడదు. మహా కరువు వెంటనే, 1878 జులై 3న, గుండ్లకమ్మ మీది వెల్లంపల్లిలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. చచ్చిన గొడ్డును మానటమంటే ఊరి చాకిరీలో ఒక ముడిని తెంచుకోవటం. అందుకు ఊరి పెద్దల నుంచి వేధింపులూ ఎదురయ్యాయి.

1927లో మహద్‌లో అంబేద్కర్ కూడా చచ్చిన పశువు మాంసాన్ని విడిచిపెట్టమని పిలుపునిచ్చారు. 1948లో వెలువడిన అంటరానివారి పుట్టుపూర్వోత్తరాల గ్రంథంలో గొడ్డు మాంసానికి, అంటరానితనానికి ఉన్న సంబంధాన్ని చర్చించారు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు జరిపిన పెద్దకూర పండుగ దీనికి మరో కొస: తమ తిండిని గౌరవంగా తినే హక్కు అడిగారు. మానటం, తినటం రెండూ ఆత్మగౌరవ ప్రకటనలే అయిన చరిత్ర ఇది.

పైరులో హింస

ధర్మవ్యాధుడి నాగలి వాదన మిరప, పత్తి నేలల్లో రోజువారీ అనుభవం. పచ్చపురుగు, గులాబీరంగు పురుగు, తామర పురుగు మీద రైతు పంట కాలమంతా మందు కొడుతూనే ఉంటాడు. 2021–22లో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం మిరపను ఊడ్చిపెట్టింది. పచ్చడి మెతుకుల వెనక కూడా చావులు ఉన్నాయి. మందు పురుగుతో ఆగదు. తేనెటీగకూ, పిచికారీ చేసే కూలీకీ తగులుతుంది.

దీనికి శాకాహారుల జవాబు బలమైనదే. కోడికి పెట్టే మొక్కజొన్న, సోయా కూడా పొలం నుంచే వస్తాయి. గింజను నేరుగా తింటే తక్కువ నేల, తక్కువ చావులు. దాణా తినే కోడి విషయంలో ఇది నిలుస్తుంది. కోత అయిన చేలలో మేసే గొర్రెకు అంతగా వర్తించదు, ఆ గడ్డి మనిషి తిండి కాదు.

మందులు తగ్గించే దారిలోనూ పశువు ఎదురవుతుంది. 2016 నుంచి రాష్ట్రంలో ప్రోత్సహిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో జీవామృతానికి పేడ, పంచితం కావాలి. అంటే పశువు కావాలి. ముసలిదైన పశువును ఏం చేయాలన్న ప్రశ్న మళ్ళీ మొదటికి వస్తుంది.

పశుపోషణ: మంద నుంచి ఫారం దాకా

ఈ సీమ గొర్రె నెల్లూరు జాతి. జోడిపి, పల్ల, గోధుమ రంగు రకాలున్నాయి. దీనికి ఉన్ని ఉండదు, పెంచేది మాంసానికే. రైతు తన చేలో మంద కట్టించుకుంటే ఎరువు దక్కుతుంది, కాపరికి ప్రతిఫలం ముడుతుంది. 2019 పశుగణనలో ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలు లెక్కకొచ్చాయి, తెలంగాణ తర్వాత దేశంలో రెండో స్థానం.

గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటిది. గుడ్ల ఫారాల్లో కోడి రెక్క చాపలేని పంజరంలో ఉంటుంది. గుడ్లు పెట్టే జాతిలో మగ పిల్లలకు విలువ లేక పొదిగిన వెంటనే చంపేయటం ఈ పరిశ్రమలో మామూలు. మాంసం కోడి ఆరు వారాల లోపే కోతకు వస్తుంది. పెరట్లో తిరిగిన నాటుకోడికి, దీనికి మధ్య తేడా రుచిలో మాత్రమే లేదు. పాల విషయంలోనూ శాకాహారి నిశ్చింతగా ఉండలేడు: ట్రాక్టరు వచ్చాక మగ దూడకు పని లేదు, చాలా దూడలు పాలందక చస్తాయి, లేదా కబేళాకు పోతాయి. ధర్మ విచారంలో ‘ఏం తింటున్నాం’ అన్న దానితో సమానంగా ‘ఎలా బతికిన జీవి’ అన్న ప్రశ్నను నిలబెట్టవలసింది ఇక్కడే.

చట్టం

రాజ్యాంగం 48వ అధికరణం ఆవు, దూడ, పాడి, సేద్యపు పశువుల వధను నిషేధించే దిశగా అడుగులు వేయమని ప్రభుత్వానికి చెబుతుంది. 51ఎ(జి) జీవుల పట్ల కరుణ పౌరుడి విధి అంటుంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం అనవసర బాధను నేరం చేసింది, అయితే మతాచారం ప్రకారం చేసే వధను 28వ సెక్షన్ మినహాయించింది. 2001 కబేళా నియమాల ప్రకారం చూడితో ఉన్న జంతువును కోయకూడదు, ఒకదాని ఎదుట మరొకదాన్ని కోయకూడదు. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ చట్టం ఆవులను, దూడలను చంపటాన్ని నిషేధించి, ఎద్దులు, గేదెల వధకు అవి పనికిరావన్న ధ్రువపత్రం అడుగుతుంది.

ఆధునిక వాదాలు, ఆరోగ్యం

పీటర్ సింగర్ 1975లో ‘యానిమల్ లిబరేషన్’లో బాధను అనుభవించగల ప్రతి జీవి బాధనూ లెక్కలోకి తీసుకోవాలన్నాడు. టామ్ రీగన్ 1983లో జంతువులకు హక్కులే ఉన్నాయన్నాడు. గాంధీ పుట్టుకతో శాకాహారి అయినా, లండన్‌లో హెన్రీ సాల్ట్ పుస్తకం చదివాకే బుద్ధిపూర్వకంగా శాకాహారి అయ్యానని చెప్పుకున్నారు. తెలుగునాట సుభాష్ పత్రి పిరమిడ్ ధ్యాన సంఘాలు ఊరూరా శాకాహార ర్యాలీలు జరిపాయి. ఎదుటి పక్షాన జీవనోపాధి, పోషణ, సంస్కృతి హక్కు ప్రధాన వాదాలు.

బి12 విటమిన్ మొక్కల నుంచి దొరకదు. పాలు, గుడ్లు, మాంసం లేదా మాత్రలు కావాలి. బడి మధ్యాహ్న భోజనంలో గుడ్డు అందుకే ముఖ్యమైంది, పేద పిల్లలకు అంత చవకగా దొరికే మంచి మాంసకృత్తు మరొకటి లేదు. మరోవైపు 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ శుద్ధిచేసి నిల్వ ఉంచిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో మానవ కారణంగా వెలువడే హరితగృహ వాయువుల్లో 14.5 శాతం పశుపోషణ నుంచి వస్తున్నాయని లెక్కకట్టింది.

ఒంగోలు జాతి

గుండ్లకమ్మ పరిసరాల నేల ఒంగోలు జాతి పశువులకు పుట్టిల్లు. నల్లరేగడిని దున్నింది ఈ ఎద్దులే. బండలాగుడు పోటీల్లో ఇప్పటికీ ఊళ్ళు వీటి చుట్టూ చేరతాయి. 19వ శతాబ్ది నుంచి 1962 దాకా వీటిని ఓడల్లో బ్రెజిల్‌కు తీసుకుపోయారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండటంతో అక్కడ వీటికి ‘నెలోర్’ అని పేరు పడింది. నేడు బ్రెజిల్ గొడ్డు మాంసం మందల్లో అధిక భాగం ఈ జాతి సంతతే. ఇక్కడ ఈ ఎద్దును కోయాలంటే ధ్రువపత్రం కావాలి. ఒంగోలు దగ్గరి చదలవాడలో ఈ జాతిని కాపాడేందుకు ప్రభుత్వ పశుక్షేత్రం నడుస్తోంది.